కెప్టెన్ ప్రేమిస్తే బదిలీ ఎవరికి?

అర్ధరాత్రి దాటాక కెప్టెన్‌కి టీ తాగాలనిపించింది. మిషన్ పలకలేదు. ఇంత పెద్ద ఓడలో ఒక్క కప్పు టీ రాకపోవడమేంటని ఆరా తీస్తే, నక్షత్రాల పటాలు తయారుచేసే విభాగానికి కొత్తగా వచ్చిన హెడ్ తన ప్రయోగం కోసం సిస్టమ్‌లు ఆపించిందని తెలిసింది. కెప్టెన్ స్వయంగా అక్కడికి వెళ్లాడు. ఆవిడ కంగారు పడలేదు. పనిలో ఉన్నాను, మధ్యలో వచ్చి డిస్టర్బ్ చేస్తున్నారు అన్నట్టే మాట్లాడింది. అంతే, సారు పడిపోయారు.

‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’ ఆరో సీజన్‌లో, 1993లో వచ్చిన ‘లెసన్స్’ ఎపిసోడ్ కథ ఇది. కెప్టెన్ జాన్ లూక్ పికార్డ్‌గా ప్యాట్రిక్ స్టీవర్ట్, ఆఫీసర్ నెల్లా డారెన్‌గా వెండీ హ్యూస్ చేశారు. పికార్డ్ ఎలాంటివాడో తెలియనివాళ్లకి ఒక్క మాట: క్రమశిక్షణకి ప్యాంటూ చొక్కా తొడిగితే ఎలా ఉంటుందో అలా ఉంటాడు. సొంత విషయాలు ఎవరితోనూ పంచుకోడు. అలాంటి మనిషి తన కింద పనిచేసే అమ్మాయిని ప్రేమిస్తే ఏమవుతుందన్నదే ప్రశ్న.

నాకు సైన్స్ ఫిక్షన్ పిచ్చి ఉంది. అందులో లేజర్ తుపాకుల కంటే, ఓడలో పనిచేసే మనుషుల గొడవలే నాకు ఎక్కువ ఇష్టం. ఎందుకంటే అంతరిక్ష నౌక అంటే చివరికి ఒక ఆఫీసే. బాస్ ఉంటాడు, టీమ్‌లు ఉంటాయి, షిఫ్టులు ఉంటాయి, క్యాంటీన్‌లో గుసగుసలు ఉంటాయి. తేడా ఒక్కటే. మన ఆఫీసులో తప్పు నిర్ణయం తీసుకుంటే ప్రాజెక్టు పోతుంది. అక్కడ ప్రాణాలు పోతాయి.

మన సినిమాల్లో ఆఫీసు అంటే హీరో, హీరోయిన్ గుద్దుకుంటే ఫైళ్లు కింద పడే చోటు. పాట అయ్యాక ఆ ఆఫీసు మళ్లీ కనిపించదు. మంచి సైన్స్ ఫిక్షన్ మాత్రం పాట అయ్యాక వచ్చే సోమవారం ఉదయాన్ని చూపిస్తుంది. అందుకే ఆఫీసు ప్రేమ గురించి నాకు తెలిసినంతలో నిజాయితీగా మాట్లాడినవి ఈ కథలే. ముందే చెప్తున్నా, కింద స్పాయిలర్లు బోలెడు ఉన్నాయి.

పికార్డ్ చేసినవన్నీ కరెక్టే, అయినా…

పికార్డ్, డారెన్‌లని కలిపింది సంగీతం. ఆవిడ పియానో వాయిస్తుంది, ఆయన దగ్గర ఒక చిన్న వేణువు ఉంది. ఓడలో శబ్దం బాగా పలికే చోటు వెతికి, ఇరుకు సొరంగం లాంటి దారిలో కూర్చుని ఇద్దరూ వాయిస్తారు. ఎంత బాగుంటుందో ఆ సీన్!

ఆ తర్వాత వస్తుంది అసలు చిక్కు. ఓడలో ఏ విభాగానికి ఎంతమంది, ఎంత సమయం అన్నది చూసుకునేది సెకండ్ ఇన్ కమాండ్ రైకర్. డారెన్ తన విభాగానికి ఎక్కువ వనరులు కావాలని అడుగుతుంది. అందులో తప్పేమీ లేదు, ప్రతి హెడ్డూ అడుగుతాడు. కానీ రైకర్ ఇరుకున పడతాడు. కాదంటే కెప్టెన్‌కి కోపం వస్తుందా? సరేనంటే మిగతావాళ్లు ఏమనుకుంటారు? డారెన్ ఒత్తిడి తేలేదు, పికార్డ్ సిఫారసు చెయ్యలేదు. అయినా రైకర్ మనసులో తూకం చెడిపోయింది.

ఇక్కడ కాస్త ఆగండి. ఆఫీసు ప్రేమ అనగానే మనం ఆ ఇద్దరి గురించే ఆలోచిస్తాం. రైకర్ గురించి ఎవరూ ఆలోచించరు. టీమ్‌లో మిగతావాళ్లంతా రైకర్‌లే.

తర్వాత బెర్సాలిస్ త్రీ అనే గ్రహం మీద అగ్ని తుఫాను వస్తుంది. అక్కడి జనాన్ని బయటకి తెచ్చేవరకు మంటల్ని ఆపడానికి కొందరు కిందకి దిగి పరికరాలు పెట్టాలి. ఆ పని బాగా తెలిసింది డారెన్‌కే. పంపకపోతే పక్షపాతం. పంపితే ప్రాణం మీదకి వస్తుంది. పికార్డ్ పంపుతాడు. జనం బయటపడతారు. వెళ్లిన సిబ్బందిలో కొందరు తిరిగి రారు. ఆవిడ కూడా పోయిందనే అనుకుంటాడు. చివరికి ఆవిడ బతికి వస్తుంది.

ఆ తర్వాత ఆయన ఒక నిజం ఒప్పుకుంటాడు. మళ్లీ అలా పంపడం తనవల్ల కాదని. పంపలేని కెప్టెన్ కెప్టెన్‌గా ఉండలేడు. ఇద్దరూ మాట్లాడుకుని ఒక నిర్ణయానికొస్తారు. డారెన్ వేరే చోటికి బదిలీ అడుగుతుంది.

చిన్నప్పుడు చూసినప్పుడు కళ్లు తుడుచుకున్నాను. ఉద్యోగంలో చేరాక మళ్లీ చూస్తే వేరే ప్రశ్న వచ్చింది. వెళ్లేది ఆవిడే ఎందుకు? నిర్ణయం తీసుకోలేకపోయింది ఆయన. సమస్య ఆయన కుర్చీది. మరి సూట్‌కేస్ సర్దుకుంది ఎవరు?

కెప్టెన్‌ని మార్చడం కష్టం కదా అంటారు. నిజమే. సరిగ్గా ఆ ‘కష్టం కదా’ అన్న మాట దగ్గరే ఎప్పుడూ కింది మెట్టు మీద ఉన్నవాళ్లు ఓడిపోతుంటారు.

ఆవిడ ఎందుకు తటపటాయించింది?

ఇంకా వెనక్కి వెళ్దాం. 1966లో మొదటి ‘స్టార్ ట్రెక్’లో ‘ది ఎనిమీ విథిన్’ అనే ఎపిసోడ్ వచ్చింది. ట్రాన్స్‌పోర్టర్‌లో లోపం వల్ల కెప్టెన్ కర్క్ ఇద్దరుగా విడిపోతాడు. ఒకడు మంచివాడు, ఇంకొకడు క్రూరుడు. ఆ క్రూరుడు తన కింద పనిచేసే జానిస్ రాండ్ గదికి వెళ్లి ఆమె మీద దాడి చేస్తాడు. ఆమె ఎదిరించి తప్పించుకుంటుంది.

తర్వాత ఏం జరిగిందో చెప్పేటప్పుడు ఆమె తడబడుతుంది. ఆయన కెప్టెన్ కదా, ఆయన్ని ఇబ్బంది పెట్టాలని తనకి లేదని అంటుంది. దాడికి గురైన మనిషి, దాడి చేసినవాడి ఉద్యోగం గురించి బాధపడుతోంది! ఎపిసోడ్ చివర్లో ఇదే విషయం మీద స్పాక్ ఆమెతో ఒక జోకు కూడా వేస్తాడు. ఈ రోజు చూస్తే ఆ జోకుకి ఒళ్లు మండుతుంది. కానీ రాండ్ తటపటాయింపు మాత్రం ఇప్పటికీ నూటికి నూరుపాళ్లు నిజం.

పికార్డ్, డారెన్‌లది ఇద్దరి ఇష్టంతో నడిచిన ప్రేమ. రాండ్‌ది హింస. రెండూ ఒకటి కానే కాదు. కానీ రెండింటి వెనకా ఉన్నది ఒకే కుర్చీ. ఆ కుర్చీలో ఉన్న మనిషికి ‘నో’ చెప్పడం ఎంత కష్టమో రాండ్ చూపించింది. ‘నో’ చెప్పడం కష్టమైనచోట ‘ఎస్’కి ఎంత విలువ ఉంటుందన్నది డారెన్ లాంటి ప్రతి కథలోనూ అడగాల్సిన ప్రశ్న.

ఈ ప్రశ్న నన్ను నేరుగా ఒకసారి ఎవరో అడిగారు. నేను అంతకుముందు పనిచేసిన ఆఫీసులో పక్క టీమ్‌లో ఒక అమ్మాయి ఉండేది. ఫ్రెషర్‌గా చేరి ఏడాది కూడా కాలేదు. నన్ను అక్కా అని పిలిచేది. వాళ్ల టీమ్ లీడ్ ప్రపోజ్ చేశాడు. మంచి కుర్రాడే, మర్యాదగానే అడిగాడు. ఆ అమ్మాయి నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది.

“అక్కా, నాకూ ఇష్టమేనేమో. కానీ ఇష్టం లేకపోయుంటే నో చెప్పగలిగేదాన్నా అన్నదే తెలియట్లేదు. మార్చిలో నా రేటింగ్ ఇచ్చేది ఆయనే కదా.”

ఇంతకంటే బాగా ఈ సమస్యని స్టార్‌ఫ్లీట్ కూడా చెప్పలేదు.

నీ రేటింగ్ ఆయన చేతిలో లేకుండా చేసుకో, ఆ తర్వాత నీ మనసేంటో నీకే తెలుస్తుంది అని చెప్పాను. అతనితో మాట్లాడింది. పైవాళ్లకి చెప్పారు. పైవాళ్లు ఏం చేశారు? ఆ అమ్మాయిని ప్రాజెక్టు నుంచి తీసేశారు. లీడ్ దొరకడం కష్టమట, ఫ్రెషర్‌ని ఎక్కడైనా పెట్టొచ్చట. రాత్రిళ్లు కూర్చుని నేర్చుకున్న పనంతా వదిలేసి రెండు నెలలు బెంచ్ మీద కూర్చుంది. వాళ్లిద్దరి కథ తర్వాత ఏమైందన్నది వాళ్ల సొంత విషయం, ఇక్కడ రాయను. ఆ బెంచ్ మాత్రం సొంత విషయం కాదు.

మన చట్టం ఏమంటోంది?

మన దేశంలో ఆఫీసు ప్రేమని నిషేధించే చట్టం లేదు. 2013లో వచ్చిన ‘పాష్’ చట్టం ఇష్టం లేని ప్రవర్తన గురించి మాట్లాడుతుంది. 1997లో సుప్రీంకోర్టు విశాఖ కేసులో ఇచ్చిన మార్గదర్శకాలే దీనికి పునాది. చాలామంది మన విశాఖపట్నం అనుకుంటారు, కాదు. రాజస్థాన్‌లో జరిగిన ఒక ఘటన తర్వాత కోర్టుకి వెళ్లిన ఒక సంస్థ పేరు విశాఖ.

ఉద్యోగంలో మేలు చేస్తానని ఆశ పెట్టడం, ఒప్పుకోకపోతే నష్టం చేస్తానని బెదిరించడం లాంటివి లైంగిక ప్రవర్తనతో ముడిపడితే వేధింపు కిందకి రావొచ్చని చట్టం చెబుతుంది. అది నోటితో అనక్కర్లేదు, అర్థమయ్యేలా సూచించినా చాలు. 10 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళా ఉద్యోగి నేతృత్వం వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి, బయటినుంచి ఒకరు ఉండాలి. ఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు పొడిగించొచ్చు.

ఇందులో నాకు బాగా నచ్చిన చిన్న నిబంధన ఒకటుంది. విచారణ నడుస్తుండగా ఆమె రాసి అడిగితే, ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి ఆమె పనితీరు మీద రిపోర్టు రాయకుండా ఆపి, ఆ పని వేరే అధికారికి ఇవ్వమని కమిటీ సిఫారసు చెయ్యొచ్చు. అంటే ముందు పెన్ను లాక్కో అన్నమాట. బదిలీ సిఫారసు చెయ్యాల్సొస్తే, ఆమెకైనా చెయ్యొచ్చు, అతనికైనా చెయ్యొచ్చు.

ఇదంతా ఫిర్యాదు వచ్చాక. ప్రేమ విషయంలో ఫిర్యాదు దాకా రాకముందే ఆ పెన్ను చేతులు మారితే ఎంత బాగుంటుంది!

గుట్టు ఖరీదు

ఎవరికీ చెప్పకపోతే గొడవే లేదు కదా? ఈ ప్రశ్నకి జవాబు ‘స్టార్ వార్స్’ దగ్గర ఉంది. 2002 నాటి ‘అటాక్ ఆఫ్ ద క్లోన్స్’లో పద్మేకి బాడీగార్డుగా వెళ్లిన ఆనాకిన్ ఆమెని ప్రేమించి రహస్యంగా పెళ్లి చేసుకుంటాడు. జెడైలకి అలాంటి బంధాలు ఉండకూడదు. 2005లో వచ్చిన ‘రివెంజ్ ఆఫ్ ద సిత్’ నాటికి భార్య గర్భవతి. కాన్పులో ఆమె చనిపోయినట్టు అతనికి కలలొస్తుంటాయి.

సలహా కోసం యోడా దగ్గరికి వెళ్తాడు. కానీ కలలోకి వచ్చేది ఎవరో చెప్పలేడు. చెప్తే గుట్టు బయటపడుతుంది. సగం ప్రశ్న అడిగితే సగం జవాబే వస్తుంది. పూర్తి కథ తెలిసి, తియ్యగా మాట్లాడింది పాల్పటీన్ ఒక్కడే. గురువులకి చెప్పుకోలేని మాట, వల వేసి కూర్చున్నవాడి చేతిలో పడింది. ఆ తర్వాత డార్త్ వేడర్ ఎలా పుట్టాడో మీకు తెలుసు.

చిన్న ఆఫీసులోనూ లెక్క ఇదే. మీ గుట్టు తెలిసిన ఒకే ఒక్క మనిషి మంచివాడు కాకపోతే మీ జుట్టు అతని చేతిలో ఉన్నట్టే.

గుట్టుకి మూల్యం మూడో మనిషి కట్టిన కథ కూడా ఉంది. ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ మొదటి సీజన్‌లో ‘లిట్మస్’ అనే ఎపిసోడ్. నౌకలో మెకానిక్‌ల పెద్ద టైరోల్, పైలట్ బూమర్ మధ్య ప్రేమ. ర్యాంకులు వేరు కాబట్టి నిబంధన ఒప్పుకోదు, అయినా చాటుగా కలుస్తుంటారు. ఒక ఆత్మాహుతి దాడి మీద విచారణ మొదలవుతుంది. ఆ జంట చాటుగా వాడిన తలుపు ఎవరు తెరిచి పెట్టారన్న ప్రశ్న వస్తుంది. టైరోల్ కింద పనిచేసే సోసినస్ అనే కుర్రాడు బాస్‌ని కాపాడ్డానికి తనే తెరిచానని అబద్ధం చెప్పి జైలుకి వెళ్తాడు.

టైరోల్ కమాండర్ అడామా దగ్గరికి వెళ్లి కుర్రాణ్ని వదిలెయ్యమని అడుగుతాడు. అడామా వదలడు. టైరోల్ నౌకకి కావాలి కాబట్టి ఉంటాడు. కుర్రాడు శిక్ష అనుభవిస్తాడు. ఆ బరువు టైరోల్ మోసుకు తిరగాలి. ఇక్కడా చూడండి, పైవాడు అవసరం కాబట్టి మిగిలాడు. కిందివాడు పోయాడు.

నిబంధనే దుర్మార్గమైతే?

అలాగని ఆఫీసు ఏ రూల్ పెట్టినా తలూపమని నేను అనను. 2022లో యాపిల్ టీవీ ప్లస్‌లో మొదలైన ‘సెవరెన్స్’ చూశారుగా? ల్యూమన్ అనే కంపెనీలో ఉద్యోగుల మెదడుకి ఆపరేషన్ చేస్తారు. ఆఫీసులో ఉన్న మనిషికి బయటి బతుకు గుర్తుండదు, బయట ఉన్న మనిషికి ఆఫీసు గుర్తుండదు.

అక్కడ వేర్వేరు విభాగాల్లో పనిచేసే ఇద్దరు పెద్దవయసు మగవాళ్లు, ఇర్వింగ్, బర్ట్, దగ్గరవుతారు. జాన్ టర్టూరో, క్రిస్టఫర్ వాకెన్ ఎంత సున్నితంగా చేశారో! ఒకరికొకరు బాస్ కాదు. ఒకరి రేటింగ్ ఒకరు ఇవ్వరు. ఎవరికీ నష్టం లేదు. అయినా కంపెనీకి గిట్టదు. ఎందుకంటే రెండు విభాగాలు ఒకదాన్ని చూసి ఒకటి భయపడుతుంటేనే కంపెనీకి లాభం. చివరికి బర్ట్ రిటైర్ అవుతాడు. రిటైర్మెంట్ అంటే ఆఫీసులో ఉన్న బర్ట్ ఇక లేనట్టే. కేకు కోసే పార్టీయే అతనికి అంత్యక్రియ.

కాబట్టి నిబంధనని కూడా ఒక ప్రశ్న అడగాలి. నువ్వు ఎవర్ని కాపాడుతున్నావ్? రైకర్‌నీ, సోసినస్‌నీ, మా ఆఫీసు ఫ్రెషర్‌నీ కాపాడే రూల్ అయితే మంచి రూల్. మనుషులు మాట్లాడుకుంటే భయపడే రూల్ అయితే అది నిబంధన కాదు, పంజరం.

పదేళ్లు పెదవి విప్పకుండా

కొందరు మూడో దారి పడతారు. ప్రేమిస్తారు, చెప్పుకోరు. ‘స్టార్‌గేట్ ఎస్‌జీ వన్’ 1997 నుంచి 2007 వరకు పది సీజన్లు నడిచింది. టీమ్ లీడర్ కల్నల్ జాక్ ఓ'నీల్, అతని కింద శాస్త్రవేత్త, ఆఫీసర్ సమంతా కార్టర్. ఇద్దరూ అమెరికా వైమానిక దళం మనుషులు. పై అధికారి, కింది అధికారి మధ్య ఇలాంటి బంధం కూడదన్నది అక్కడ నిజంగానే ఉన్న నిబంధన. ఆ సిరీస్‌కి వైమానిక దళం సహకారం కూడా ఉంది. ఆ దళానికి చీఫ్‌లుగా పనిచేసిన జనరల్ మైఖేల్ ర్యాన్, జనరల్ జాన్ జంపర్ తమ సొంత పాత్రల్లోనే తెరమీద కనిపించారు.

2000లో వచ్చిన ‘డివైడ్ అండ్ కాంకర్’ ఎపిసోడ్‌లో ఒక మెషీన్ ఇద్దర్నీ పట్టేస్తుంది. శత్రువు మెదడులో ఏమైనా దాచాడా అని పరీక్షిస్తే, వీళ్లిద్దరూ ఏదో దాస్తున్నారని చూపిస్తుంది. దాచింది కుట్ర కాదు, ప్రేమ. ఆ మధ్య ఆమె ఒక శక్తి తెరకి అవతల చిక్కుకుంటే అతను వదిలేసి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో ఇప్పుడు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటారు. ఈ మాట ఈ గది దాటి పోకూడదని ఇద్దరూ అనుకుంటారు. డ్యూటీకి వెళ్లిపోతారు.

ఇది త్యాగమా, తప్పించుకోవడమా? నాకైతే ఆ మౌనం మీద గౌరవమూ ఉంది, విసుగూ ఉంది. కానీ ఈ సిరీస్ ఇంకో చమత్కారం చేసింది. సమాంతర విశ్వాల కథలు ఉన్నాయి కదా, వాటిలో రెండింట్లో కార్టర్ సైన్యంలో లేదు. మామూలు డాక్టర్ కార్టర్. ఒకచోట ఓ'నీల్‌తో నిశ్చితార్థమైంది, ఇంకోచోట పెళ్లే అయింది. మనుషులు వాళ్లే, మనసులు వాళ్లవే. మారింది ఒక్కటే, ఎవరు ఎవరికి రిపోర్ట్ చెయ్యాలన్నది. అడ్డం ప్రేమ కాదు, ఆ గీత. గీత జరిపితే దారి దొరుకుతుంది.

వార్ఫ్ వెనక్కి తిరిగాడు

చివరిగా నాకు అన్నిటికంటే గుచ్చుకునే కథ. ‘స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్’లో వార్ఫ్, జాడ్జియా డాక్స్ భార్యాభర్తలు. గుట్టు లేదు, అందరి ముందే పెళ్లి చేసుకున్నారు. ఒకరికొకరు బాస్ కూడా కాదు. ఇప్పటిదాకా మనం చెప్పుకున్న తప్పులేవీ వాళ్లు చెయ్యలేదు.

1998లో వచ్చిన ‘ఛేంజ్ ఆఫ్ హార్ట్’లో ఇద్దర్నీ కలిపి ఒక పని మీద పంపుతారు. శత్రువుల్లో ఉంటూ రహస్యాలు చేరవేసే లసరాన్ అనే వ్యక్తిని అడవిలో కలుసుకుని క్షేమంగా తీసుకురావాలి. యుద్ధం నడుస్తోంది. అతని దగ్గరున్న సమాచారం ఎన్నో ప్రాణాలు కాపాడగలదు. దారిలో జాడ్జియాకి దెబ్బ తగులుతుంది. రక్తం ఆగదు. ఆమెని మోసుకుంటూ వెళ్తే సమయానికి చేరలేరు. వదిలి వెళ్తే ఆమె బతకదు.

వార్ఫ్ ముందు వదిలి వెళ్తాడు. కొంత దూరం పోయాక వెనక్కి తిరుగుతాడు. జాడ్జియా బతుకుతుంది. లసరాన్ చనిపోతాడు.

కెప్టెన్ సిస్కో వార్ఫ్‌ని కూర్చోబెట్టి మాట్లాడతాడు. ఇది వార్ఫ్ సర్వీస్ రికార్డులోకి ఎక్కుతుంది, అతనికి బహుశా ఎప్పటికీ సొంత నౌక ఇవ్వరు. కెప్టెన్‌గా, నువ్వు చేసింది తప్పు అంటాడు. తర్వాత, భార్యని పోగొట్టుకున్న మనిషిగా, నీ స్థానంలో నేనున్నా తిరిగొచ్చేవాణ్నే అంటాడు. రెండు మాటలూ నిజమే. రెండూ ఒకే నోటినుంచి రావడమే ఆ సీన్ గొప్పతనం.

ఒక్కటి గమనించారా? ఈ కథలో మూల్యం కట్టింది ఫ్రెషర్ కాదు, నిర్ణయం తీసుకున్నవాడే. వార్ఫ్ ఆ శిక్ష గురించి గొణగడు, తప్పు ఇంకొకరి మీదకి నెట్టడు. అతని మీద నా గౌరవం అందుకే తగ్గలేదు.

కానీ లసరాన్ సంగతి? అతనికి వీళ్ల ప్రేమతో సంబంధం లేదు. వస్తామన్నారు, నమ్మాడు, ఎదురుచూశాడు.

అదే సంభాషణలో సిస్కో ఇంకో మాట చెబుతాడు. ఇకమీదట వార్ఫ్, డాక్స్ ఇద్దర్నే కలిపి ఏ మిషన్‌కీ పంపకూడదని ఆదేశం ఇచ్చేశానని. చిన్న ఆదేశం. ఎవరి ప్రేమకీ అడ్డం రాదు, ఎవరి ఉద్యోగమూ తియ్యదు, ఎవర్నీ బెంచ్ మీద కూర్చోబెట్టదు. షెడ్యూల్‌లో రెండు పేర్లు విడదీస్తుంది, అంతే. వాళ్లు భార్యాభర్తలన్న సంగతి స్టేషన్‌లో అందరికీ ముందే తెలుసు. ఆ ఆదేశం పెళ్లయిన మర్నాడే ఇచ్చి ఉంటే, ఆ రోజు అడవికి వేరే జోడీ వెళ్లేది. లసరాన్ ఇంటికి వచ్చేవాడు.